ఎదురుగా ఎవరూ కూర్చోని కంప్యూటర్

(పాత కంప్యూటర్‌ను ఇంటి సర్వర్‌గా మార్చుకోవడం మీద చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు తీసేసి మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు చేతులెత్తమంటాను. వాడకం మానేసి పక్కన పెట్టేసిన లాప్‌టాపో డెస్క్‌టాపో ఇంట్లో ఉన్నవాళ్లు ఎంతమంది? అబ్బో, సగం పైనే. దించండి, దించండి. ఇందులో ఆశ్చర్యం లేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంటే 2016లో కొన్న మంచి మెషీన్ కూడా ఏ జబ్బూ లేకుండానే రిటైరైపోయింది. ఇవాళ మనం దానికి మళ్లీ ఉద్యోగం ఇద్దాం.

సర్వర్ అనగానే మనకు ఏసీ గదులు, నల్లటి ర్యాకులు, మిణుకుమిణుకుమనే లైట్లు గుర్తొస్తాయి. మరి ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఎలా ఉండేది? 1990లో సెర్న్ అనే పరిశోధన సంస్థలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రోజూ పని చేసుకునే నెక్స్ట్ కంప్యూటరే అది. బల్ల మీది కంప్యూటరే. దాని డబ్బాకి ఒక కాగితం అంటించి ఎర్ర సిరాతో చేత్తో రాశారు: ఈ మెషీన్ సర్వర్, దీన్ని ఆపొద్దు, అని. అంతే. ఎవరైనా పొరపాటున స్విచ్ ఆపితే ఆ రోజుకి ప్రపంచంలో వెబ్ లేనట్టే! కాబట్టి మీ పాత లాప్‌టాప్‌ని తక్కువగా చూడకండి.

ఎవరో అడిగితే జవాబివ్వడానికి ఎప్పుడూ మేలుకుని ఉండే ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లో ఉన్నా అది సర్వరే. మరి మామూలు కంప్యూటర్‌కీ దానికీ తేడా ఎక్కడుంది? ప్రాసెసర్‌లో లేదు. ర్యామ్‌లో లేదు. దాని ఎదురుగా మనిషి కూర్చోడు. అదీ తేడా. మనం వాడుతున్నప్పుడు కంప్యూటర్ ఏదో అడుగుతుంది, మనం నొక్కుతాం. డిస్క్ నిండిందంటుంది, ఖాళీ చేస్తాం. ఫ్యాన్ గోల చేస్తే లేచి చూస్తాం. తెలియకుండానే మనం దానికి కాపలా కాస్తున్నాం. సర్వర్ చేసి మూల పెట్టిన రోజున ఆ కాపలా పోతుంది. నేనివాళ చెప్పబోయే ప్రతి సెట్టింగూ, ప్రతి జాగ్రత్తా ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి. ఎదురుగా ఎవరూ లేరు. రాసుకునేవాళ్లు ఇదొక్కటి రాసుకుంటే చాలు, మిగతావి వెతుక్కోవచ్చు.

మెషీన్‌ని ముందు పరీక్ష చేయండి

లాప్‌టాపా, డెస్క్‌టాపా? నా ఓటు లాప్‌టాప్‌కే. కారణం కరెంటు. లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒక్క వాట్ ఏడాదంతా ఆగకుండా వాడితే 8.76 యూనిట్లు. 24ని 365తో గుణించి వెయ్యితో భాగించడమే. పాత లాప్‌టాప్ స్క్రీన్ ఆపి ఊరికే ఉంటే 10 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, అంటే ఏడాదికి 88 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగిందనుకుందాం, 525 యూనిట్లు. రెండూ చేసేది ఒకే పని. ఊహించుకోకండి, ప్లగ్‌కీ మెషీన్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్లు దొరుకుతాయి, పెట్టి చూడండి. డెస్క్‌టాపే ఉంటే అందులో విడిగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు తీసేసి చూడండి, చాలా తగ్గుతుంది. కానీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేకపోతే కొన్ని బోర్డులు కార్డు లేకుండా లేవవు, బీప్‌మని మొండికేస్తాయి. తీశాక ఒకసారి ఆన్ చేసి చూసుకోండి.

లాప్‌టాప్‌కి ఇంకో లాభం, బ్యాటరీ. కరెంటు పోతే అదే యూపీఎస్. ప్రమాదమూ అక్కడే ఉంది. ఎప్పుడూ ఛార్జర్ తగిలించి, నూరు శాతం దగ్గరే నిలబెట్టిన లిథియం బ్యాటరీ వేడికి నెమ్మదిగా ఉబ్బుతుంది. ఎలా తెలుస్తుంది? ముందు టచ్‌ప్యాడ్ చెబుతుంది. నొక్కితే టిక్కుమని లోపలికి వెళ్లాల్సింది గట్టిగా, ఎత్తుగా తయారవుతుంది. తర్వాత కింది మూత స్క్రూల దగ్గర విడినట్టు కనిపిస్తుంది. బల్ల మీద పెడితే లాప్‌టాప్ నాలుగు కాళ్ల మీద నిలబడదు, కాస్త ఊగుతుంది. ఇవి కనిపిస్తే ఆ బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు. జాగ్రత్తగా తీసి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీదే నడుస్తాయి. బ్యాటరీ బాగుంటే మాత్రం ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టండి. కొన్నింటికి బయాస్‌లోనే, అంటే ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లోనే, ఆ సదుపాయం ఉంటుంది, కొన్నింటికి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్‌తో చేయవచ్చు.

ఎందుకింత చెబుతున్నాను? రోజూ వాడే లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ తేడా మీ వేలికి తెలుస్తుంది. మూలన పెట్టినదాన్ని ఎవరు ముట్టుకుంటారు? అందుకని నెలకోసారి చేత్తో తడిమి చూడండి.

తర్వాత డిస్క్. పాత హార్డ్ డిస్క్‌ని నమ్మే ముందు దాని ఆరోగ్య పత్రం చదవండి. స్మార్ట్ అంటారు, స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ చూపిస్తుంది. అందులో పెద్ద పట్టిక వస్తుంది, భయపడకండి. మూడు వరసలు చూస్తే చాలు. 5వ నంబర్ వరస, అంటే చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు. 197, అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. ఈ రెండూ సున్నా ఉండాలి. ఉన్న అంకె ఈ నెలకీ వచ్చే నెలకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌తో మీ రుణం తీరినట్టే. మూడోది 9, ఎన్ని గంటలు నడిచిందో. ఏడాదికి 8,760 గంటలు, ఆ లెక్కన వయసు కట్టుకోండి. తర్వాత డిస్క్ మొత్తం చదివి చూసే లాంగ్ టెస్ట్ పెట్టి వదిలేయండి, గంటలు పడుతుంది. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడవనివ్వండి. దుమ్ము దులపండి. వీలైతే సిస్టమ్ కోసం తిరిగే భాగాలు లేని చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయండి, ఒక్క మార్పుతో మెషీన్ ప్రాణం లేచొస్తుంది.

ర్యామ్ ఎంత ఉండాలి? ఫైళ్లు పంచుకోవడానికి, సింక్ చేయడానికి 4 జీబీ బోలెడు, 2 కూడా నడుస్తుంది. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే ఇమ్మిచ్ లాంటివి పెట్టాలంటే 8 జీబీ ఉంచుకోండి.

తనంతట తాను లేవాలి

ఏ ఆపరేటింగ్ సిస్టమ్? లినక్స్. అందులో ఉబుంటు సర్వర్ వాడినా తప్పులేదు. నేనైతే డెబియన్ అంటాను. 1993లో మొదలైంది. కొత్త హంగులకి తొందరపడదు, ఉన్నదాన్ని కదిలించదు. మనకి కావలసిందీ అదే కదా? మెషీన్ మరీ పాతదై 32 బిట్ ప్రాసెసర్ అయితే, 2025లో వచ్చిన డెబియన్ 13లో దానికి ఇన్‌స్టాలర్ లేదు, అది గమనించుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు తెరల దగ్గర ఆగండి. ఒకటి, రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్ పాస్‌వర్డ్, అడిగే చోట. అక్కడ ఏమీ కొట్టకుండా ఖాళీగా వదిలేస్తే, మీరు తర్వాత పెట్టే మామూలు యూజర్‌కే సుడో హక్కు, అంటే అవసరమైనప్పుడు రూట్‌లా పనిచేసే హక్కు, వస్తుంది. ఇంటికి అదే మేలు. రెండోది, ఏయే సాఫ్ట్‌వేర్ కావాలని టిక్కులు చూపించే తెర. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్, గ్నోమ్, వీటి టిక్కులు తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచి దీనికి కమాండ్లు ఇవ్వడానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి టిక్ పెట్టండి. ‘అయ్యో, మౌస్ ఉండదా? నల్ల తెరేనా?’ అంటారు. ఎవరు చూడాలండీ ఆ తెరని? ఎదురుగా ఎవరూ లేరుగా! పైగా డెస్క్‌టాప్ ఉంటే కాసేపు ఎవరూ ముట్టుకోకపోయేసరికి కంప్యూటర్ నిద్రపోతుంది. లాప్‌టాప్‌లకి అది మంచి అలవాటే, సర్వర్‌కి మాత్రం కాదు.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి మూత సంగతి. లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోతుంది. మనకేమో మూత మూసి అలమరలో పెట్టాలని ఉంటుంది. ఎట్‌సీ కింద సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో లాగిన్‌డీ డాట్ కాన్ఫ్ అని ఒక ఫైల్ ఉంటుంది. అందులో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ అనే వరస వెతికి, సమానం గుర్తు తర్వాత ఇగ్నోర్ అని పెట్టండి. ఆ వరస ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, దాన్ని చెరపండి. చెరపకపోతే మీరు రాసింది లెక్కలోకి రాదు. ‘పెట్టాను, పనిచేయట్లేదు’ అనేవాళ్లలో చాలామంది దగ్గర ఆ హ్యాష్ అలాగే ఉంటుంది.

ఇక కరెంటు పోయి వచ్చాక ఏం జరగాలి? ఎవరూ బటన్ నొక్కకుండా మెషీన్ లేవాలి. డెస్క్‌టాప్ బయాస్‌లో ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనో, దానికి దగ్గర పేరుతోనో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పవర్ ఆన్‌కి మార్చండి. ఇక్కడొక చిక్కు. పదేళ్ల మెషీన్లలో బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా బయాస్ అన్నీ మర్చిపోతుంది. మీరు ఇప్పుడే మార్చిన సెట్టింగ్ కూడా! అంటే ఏ సందర్భం కోసం సెట్టింగ్ పెట్టారో సరిగ్గా ఆ సందర్భంలోనే అది ఉండదు. గడియారం కూడా ఏ పాత సంవత్సరానికో వెళ్తుంది, తేదీ తప్పైతే వెబ్‌సైట్‌ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్లు ఆగిపోతాయి. పరీక్షలేం వద్దు, ముందే ఆ బిళ్ల మార్చేయండి.

తర్వాత, నాకు చాలా ఇష్టమైన విషయం. నవ్వకండి, నిజంగానే ఇష్టం. ఎఫ్‌ఎస్‌ట్యాబ్! మెషీన్ లేచేటప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో రాసి ఉండే ఫైల్. మీరు ఫొటోల కోసం ఒక యూఎస్‌బీ డిస్క్ పెట్టారు, ఇందులో ఒక వరస రాశారు, బాగా నడుస్తోంది. ఒకరోజు ఇంట్లో ఎవరో ఆ డిస్క్ తీశారు. ఆ రాత్రే కరెంటు పోయి వచ్చింది. మెషీన్ లేస్తుంది, ఆ డిస్క్ కోసం 90 సెకన్లు చూస్తుంది, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయి, తెర మీద మనిషి వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఏ తెర మీద? మీరు మూసేసిన మూత వెనకున్న తెర మీద! నెట్‌వర్క్ రాదు, ఎస్‌ఎస్‌హెచ్ రాదు. బయటినుంచి చూస్తే మెషీన్ చచ్చిపోయినట్టే ఉంటుంది.

దీనికి మందు ఒక్క మాట. ఆ వరసలో నోఫెయిల్ అని చేర్చండి. డిస్క్ లేకపోయినా ఫర్వాలేదు, నువ్వు లేచిరా, అని చెప్పడం అన్నమాట. అలాగే డిస్క్‌ని ఎస్‌డీబీ వన్ లాంటి పేరుతో కాకుండా యూయూఐడీతో, అంటే ఆ డిస్క్‌కి మారకుండా ఉండే గుర్తింపు సంఖ్యతో, రాయండి. ఎందుకంటే ఆ పేర్లు తగిలించిన వరసని బట్టి మారిపోతాయి.

అయిపోయిందా? అవలేదు. నోఫెయిల్ పెట్టాక మెషీన్ లేచింది, డిస్క్ లేదు. కానీ ఫోల్డర్ ఉంది, ఖాళీగా. రాత్రి బ్యాకప్ ప్రోగ్రామ్ వచ్చి, ఫోల్డర్ ఉంది కదా అని నింపడం మొదలుపెడుతుంది. ఎక్కడికి పోతోందది? సిస్టమ్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీలోకి. అది నిండిపోయి మొత్తం స్తంభిస్తుంది. అందుకని డిస్క్ తగిలించక ముందే ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ గుర్తు వేసేయండి. అప్పుడు డిస్క్ లేనప్పుడు అందులో ఎవరూ ఒక్క అక్షరం రాయలేరు. డిస్క్ తగిలితే మామూలుగా రాస్తారు. బ్యాకప్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అలా ఆగడమే మనకి కావాలి.

ఇవన్నీ చేశాక, మీ డేటా ఏదీ ఎక్కించకముందే, ఒక పరీక్ష. మెషీన్ నడుస్తుండగా ప్లగ్ పీకేసి మళ్లీ పెట్టండి. లాప్‌టాప్ అయితే రీస్టార్ట్ చేసి చూడండి. పక్క గదిలోకి వెళ్లి కూర్చోండి. కీబోర్డ్ ముట్టుకోవద్దు. ఐదు నిమిషాల తర్వాత ఫోన్ నుంచి దాన్ని అందుకోగలుగుతున్నారా? లేకపోతే అది ఇంకా సర్వర్ కాలేదు.

ఎవరో అక్కడ అడుగుతున్నారు, డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయొచ్చా, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు మార్చొచ్చా, అని. మంచి ప్రశ్న. చేస్తే దొంగెత్తుకెళ్లినా డేటా చదవలేడు. కానీ లేచినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టేదెవరు? తనంతట తాను లేవడం, తాళం వేసి ఉండడం, ఈ రెండింటికీ పడదు. నా పద్ధతి మధ్యస్థం. సిస్టమ్ డిస్క్ తెరిచి ఉంచుతాను, అది లేచి నెట్‌వర్క్‌లోకి వస్తుంది. డేటా డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది, దాన్ని ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి పాస్‌వర్డ్ కొట్టి తెరుస్తాను. కరెంటు తరచూ పోయే చోట ఇది విసుగే. బయటికి తీసుకెళ్లే బ్యాకప్ డిస్క్‌ని మాత్రం తప్పకుండా ఎన్‌క్రిప్ట్ చేయండి, అందులో మాట్లాడేదేమీ లేదు.

ఎస్‌ఎస్‌హెచ్ గురించి రెండు ముక్కలు. 1995లో టాటు యెలొనెన్ అనే ఫిన్లాండ్ పరిశోధకుడు రాశాడు. వాళ్ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగచాటుగా వింటున్నారని తెలిసి రాసింది. పాస్‌వర్డ్ బదులు కీ, అంటే మీ కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి లాంటి ఫైల్, వాడండి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపే ముందు, ఉన్న విండో మూయకుండా రెండో విండోలో కీతో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూసుకోండి. ఆ తర్వాతే ఆపండి. వరస తప్పితే మళ్లీ కీబోర్డ్, మానిటర్ వెతుక్కోవాలి.

అలాగే రౌటర్‌లోకి వెళ్లి ఈ మెషీన్‌కి అడ్రస్ ఒకటి రిజర్వ్ చేయండి, 192.168.1.50 అనుకోండి. లేకపోతే ఇవాళ ఒక నంబర్, రేపు ఇంకో నంబర్. వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా పోతుంది. 11 దగ్గరే నిలబడిపోయిందా? కేబుల్‌లో ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి, 100 మెగాబిట్‌కి పడిపోయి ఉంటుంది. వంద మెగాబిట్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మొదటి పని ఏమివ్వాలి

ఇక్కడ అందరూ పొరపాటు పడతారు. మొదటి రోజే ఇరవై ప్రోగ్రామ్‌లు ఎక్కిస్తారు. ప్రకటనలు ఆపేందుకు పై-హోల్, సినిమాలకి జెల్లీఫిన్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, ఇంకా ఏవేవో. అన్నీ మంచివే. నేను దేన్నీ తిట్టడం లేదు. కానీ మొదటి పని ఎలాంటిది కావాలంటే, ఒకరోజు ఆగిపోయినా ఇంట్లో ఎవరికీ తెలియనిది కావాలి.

పై-హోల్‌నే తీసుకోండి. ఇంట్లో అన్ని పరికరాలూ వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ దాన్నే అడుగుతాయి, ఈ పనిని డీఎన్‌ఎస్ అంటారు. అది పడిపోతే? ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ పోయినట్టే. మీరు ఆఫీసులో మీటింగ్‌లో ఉంటారు, ఫోన్ మోగుతుంది, మొదలవుతుంది టెన్షన్. ‘రెండో డీఎన్‌ఎస్‌గా బయటిది పెడతాం కదా’ అంటారు. పెడితే పరికరాలు అది పడిపోయేదాకా ఆగవు, తమకి తోచినప్పుడు రెండోదాన్ని అడుగుతాయి, ప్రకటనలు మళ్లీ వస్తాయి. సర్వర్ నెలల తరబడి కుదురుగా ఉందని మీకు నమ్మకం కుదిరాక పై-హోల్ పెట్టుకోండి.

మొదటి పనిగా నేను చెప్పేది ఫోన్‌లోని ఫొటోల కాపీ. రెండు పరికరాల్లో ఫోల్డర్‌ని ఒకేలా ఉంచే సింక్‌థింగ్‌తో కానీ, ఇమ్మిచ్‌తో కానీ, ఇంటి నెట్‌వర్క్‌లో ఫోల్డర్ పంచుకునే ఉత్త సాంబా షేర్‌తో కానీ. ఒకరోజు ఆగితే మర్నాడు అందుకుంటుంది. కానీ కాపీ అయింది కదా అని ఫోన్‌లోవి చెరిపేయకండి, ఆ సంగతికి వస్తాను.

జెల్లీఫిన్ పెట్టాలనుకునేవాళ్లకి ఒక్క మాట. టీవీ ఆ ఫైల్‌ని ఉన్నదున్నట్టు చదవగలిగితే పాత ప్రాసెసర్ కూడా హాయిగా పంపుతుంది. మార్చి పంపాల్సి వస్తేనే దానికి ఆయాసం. 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి వీడియో మార్చే భాగం, క్విక్ సింక్, లోపలే ఉంది. అది ఏ ఫార్మాట్‌లు చేయగలదో మీ మోడల్‌ని బట్టి చూసుకోండి.

బయటినుంచి అందుకోవడం ఎలా? రౌటర్‌లో పోర్ట్, అంటే బయటినుంచి లోపలికి వచ్చే ద్వారం, తెరవకండి. ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్ట్ 22 బయటికి తెరిచి లాగ్ చూస్తే తెలుస్తుంది, ఎంతోసేపు పట్టదు, రూట్ అనీ అడ్మిన్ అనీ పేర్లు పెట్టి ఎక్కడెక్కడి మెషీన్లో తలుపు తట్టడం మొదలుపెడతాయి. మీ మీద కక్షేం కాదు, ఇంటర్నెట్‌లో ప్రతి అడ్రస్‌నీ అలా తడుతూనే ఉంటాయి. 2022 జనవరిలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన నాస్ డబ్బాలనే, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టెలనే, వెతికి పట్టింది. వాటి ముందూ ఎవరూ కూర్చుని లేరు మరి.

దారి ఏమిటంటే వైర్‌గార్డ్, బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య సొరంగం వేసే వీపీఎన్. 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6తో పాటే వచ్చేసింది. దీనికి ఒక పోర్ట్ తెరవాలి కదా అంటారా? తెరవాలి. కానీ సరైన కీ లేనివాళ్లు తడితే అది ఉలకదు, పలకదు. తట్టినవాడికి అక్కడ ఏదైనా ఉందో లేదో కూడా తెలియదు. చాలామందికి ఇంకో సమస్య ఉంటుంది. రౌటర్‌లో వ్యాన్ అడ్రస్, అంటే ఇంటర్నెట్ వైపు అడ్రస్, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేదు, ఇంటర్నెట్ కంపెనీ ఒకే అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతోంది. ఐపీవీ4 అనే అడ్రస్ పద్ధతిలో ఉన్నవే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు, 2011 ఫిబ్రవరిలోనే పై స్థాయి నిల్వ అయిపోయింది. అలాంటి చోట పోర్ట్ తెరిచినా లాభం లేదు. టెయిల్‌స్కేల్ లాంటివి వాడండి, లోపల వైర్‌గార్డే, దారి అదే వెతుక్కుంటుంది.

అప్‌డేట్‌లు? డెబియన్‌లో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ పెట్టేయండి, భద్రతకి సంబంధించినవి దానంతటదే వేసుకుంటుంది.

పోతే తిరిగి వస్తుందా

రెండు డిస్క్‌లు పెట్టి రైడ్ చేశాను, అంటే రెండింటిలో ఒకే డేటా ఉంచాను, నాకు బ్యాకప్ ఉంది, అనేవాళ్లున్నారా ఇక్కడ? చేతులెత్తొద్దులెండి. అద్దం ముందు నిలబడి జుట్టు కత్తిరించుకుంటే అద్దంలో జుట్టు మిగులుతుందా? మిర్రర్ రైడ్ అంతే. ఒక డిస్క్ చెడిపోతే మెషీన్ ఆగకుండా కాపాడుతుంది, అది నిజం. మీరు పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండు చోట్లా ఆ క్షణమే చెరిగిపోతుంది. సింక్ కూడా అంతే. ఫోన్‌లో చెరిపింది సర్వర్‌లోనూ చెరుగుతుంది, వెర్షనింగ్, అంటే పాత కాపీలు దాచే సదుపాయం, ఆన్ చేసుకుంటే తప్ప.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఇది పాత సూత్రమే. బ్యాకప్ ప్రోగ్రామ్‌గా రెస్టిక్ కానీ బోర్గ్ కానీ వాడండి. ఏ రోజు స్థితి ఆ రోజుకి విడిగా ఉంచుతాయి, మారిన ముక్కలే దాస్తాయి కాబట్టి చోటు ఎక్కువ తినవు. బయటిది అంటే క్లౌడే కానక్కర్లేదు. రెండు యూఎస్‌బీ డిస్క్‌లు పెట్టుకుని, ఒకటి ఎప్పుడూ బంధువుల ఇంట్లోనో ఆఫీసులోనో ఉండేలా మారుస్తూ ఉండండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ బ్యాకప్ పనిచేస్తోందని మీకెలా తెలుసు? 2017 జనవరి 31న, ప్రోగ్రామ్‌ల కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీర్ ఒకరు రాత్రిపూట సమస్య సరిచేస్తూ, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశారు. పోనీ బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. రోజూ జరగాల్సిన డేటాబేస్ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతోంది. విఫలమైందని మెయిల్ వెళ్లాలి, ఆ మెయిల్‌ని సర్వర్లు తిరస్కరిస్తున్నాయి. ఎవరికీ తెలియదు. అదృష్టం బాగుండి, ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఈ కథంతా వాళ్లే బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి. అంత పెద్ద సంస్థలో, జీతాలు తీసుకుని చూసుకునేవాళ్లుండగానే అలా జరిగితే, ఎవరూ చూడని మన మెషీన్ సంగతేమిటి?

కాబట్టి రెండు పనులు. నెలకోసారి పాత ఫొటో ఒకటి, ఏదో ఒకటి, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. ఉందని జాబితా చూడడం కాదు, తెరవాలి. రెండోది, హెచ్చరిక తిరగేసి పెట్టండి. విఫలమైతే చెప్పు అని కాదు, పూర్తైతే చెప్పు అని పెట్టండి. బ్యాకప్ అయ్యాక మెషీన్ బయటి సేవ ఒకదానికి చిన్న పలకరింపు పంపుతుంది. హెల్త్‌చెక్స్ లాంటివి ఉన్నాయి. రోజంతా పలకరింపు రాకపోతే ఆ బయటి సేవే మీ ఫోన్‌కి చెబుతుంది. ఎందుకిలా? కాలిపోయిన మెషీన్ మెసేజ్ పంపలేదు కదా!

ఇంకొకటి, కాగితం. కంప్యూటర్‌లో ఫైల్ కాదు, కాగితం. మెషీన్ ఎక్కడుంది, ఎలా ఆపాలి, డిస్క్ పాస్‌వర్డ్ ఏమిటి, ఫొటోలు ఎలా బయటికి తీయాలి. ఇంట్లో ఇంకొకరికి అర్థమయ్యే భాషలో రాసి, వాళ్లకి తెలిసిన చోట పెట్టండి. రాశాక వాళ్ల చేత ఒకసారి చేయించి చూడండి. మీరు చెప్పకుండా, ఆ కాగితం చూసి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మళ్లీ రాయండి.

సమయం అయిందంటున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. మీరే అండి, మూడో వరస... సొంత మెయిల్ సర్వర్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

వద్దండి. నేర్చుకోవడానికి పెట్టుకోండి, నమ్ముకోవడానికి వద్దు. మెయిల్ పంపే పోర్ట్ 25ని ఇళ్ల కనెక్షన్ల మీద చాలా కంపెనీలు మూసే ఉంచుతాయి. తెరిచి ఉన్నా, ఇళ్లకిచ్చే అడ్రస్‌ల నుంచి వచ్చిన మెయిల్‌ని పెద్ద సంస్థలు స్పామ్‌లోకి తోస్తాయి, లేదా అసలు తీసుకోవు. మీరు పంపాననుకుంటారు, అవతలివాళ్లకి అందదు, ఇద్దరికీ తెలియదు. డొమైన్, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు, సొంతంగా కొనుక్కుని మెయిల్ నడిపే పని వేరేవాళ్లకి ఇవ్వండి, అడ్రస్ మీదే ఉంటుంది కాబట్టి వాళ్లు నచ్చకపోతే మారిపోవచ్చు. బిళ్ల బ్యాటరీ ఎలా మార్చాలో చూడాలన్నవాళ్లు ముందుకి రండి, ఇక్కడ ఒక బోర్డు విప్పి పెట్టాను.